స్పానిష్ నేర్పిన అబద్ధాలు

మొన్న వేసవిలో మా మేనకోడలు శ్రావణి తన పిల్లలిద్దర్నీ నరసరావుపేట తీసుకొచ్చి, నా ఇంట్లో దించి, కాఫీ అయినా తాగకుండా నా చేతిలో ఒక కాగితం పెట్టింది. మందుల చీటీ అనుకున్నాను. యాభై దాటినవాడి చేతిలో జనం పెట్టే కాగితాలు ఎక్కువగా అవే. కాదంట. గుంటూరులో వీళ్ళు చదివే బడిలో స్పానిష్ పెట్టారంట. ఇంగ్లీషు అయింది, హిందీ అయింది, తెలుగు ఎటూ పోయింది, ఇక మిగిలింది అదేనన్నమాట. కాగితంలో టీచరమ్మ రాసింది రెండే ముక్కలు. పిల్లలకు రోజూ అరగంట స్పానిష్ టీవీ చూపించండి. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కన కూర్చోండి.

"పక్కన కూర్చోవటమే గదా మామయ్యా, నువ్వు రోజూ చేసే పనే," అంది శ్రావణి. తర్వాత నన్ను వంటింట్లోకి లాక్కుపోయి గొంతు తగ్గించింది. పెద్దది హాసినికి పోయినసారి నోటిపరీక్షలో ఒక్క ముక్క పెగల్లేదంట. క్లాసంతా నవ్వారంట. అప్పట్నుంచి స్పానిష్ అనగానే పిల్ల నోరు కుట్టేసుకుంటోంది. బడి తెరిచిన వారానికి మళ్ళీ నోటిపరీక్ష. "ఈసారి కూడా అట్టాగే నిలబడితే ఇక జన్మలో నోరు తెరవదు మామయ్యా," అంది. చిన్నవాడు చింటూకి ఆ బాధ లేదు. వాడికి ఏ భాషలోనూ నోరు మూతపడదు.

మొదటి రెండు రోజులు పక్కన కూర్చున్నాను. టీవీలో ఒక బొమ్మల కుటుంబం, ఒక ముసలమ్మ, ఒక కుక్క. కింద ఇంగ్లీషులో అక్షరాలు పరుగెత్తుతుంటాయి. పిల్లల కళ్ళు ఆ అక్షరాల మీదే. వీళ్ళు టీవీ చూడటం లేదు, టీవీ చదువుతున్నారు. మూడో రోజు ఎరువుల కొట్టువాళ్ళ పాత క్యాలెండరు అడుగుముక్క కత్తిరించి, టీవీ కింద అక్షరాలు పడేచోట అడ్డంగా అంటించాను. ఇద్దరూ గగ్గోలు పెట్టారు.

"తాతయ్యా, ఇంక అర్థం ఎట్టా తెలుస్తుంది?"

"నేను చెబుతాగా."

"నీకు స్పానిష్ వచ్చా?"

"రాకుండానే చెబుతారా ఎవరైనా?" అన్నాను.

అని, ఆ మాట నా నోటినుంచి వచ్చాక గుర్తొచ్చింది. నలభై ఏళ్ళ కింద, ఇదే ఊళ్ళో, ఇంకో టీవీ ముందు, ఇంకో ఆడమనిషికి ఇదే జవాబు చెప్పినవాణ్ణి. దానివల్ల జరిగిన రభస ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పేవాటిలో రూపాయికి పావలా నిజం ఉంటుందని మా వీధిలో లెక్క. ఇందులో ముప్పావలా ఉంది.

మా వీధిలో మొట్టమొదటి టీవీ సుబ్బయ్య శెట్టిగారింట్లో దిగింది. శెట్టిగారిది నూనె వ్యాపారం. ముందుగది దుకాణం, వెనక ఇల్లు. ఆ ఇంట్లో గోడలకు, గొళ్ళేలకు, ఆఖరికి దేవుడి పటాలకు కూడా వేరుశనగ నూనె వాసనే. వాళ్ళింటికి ఒక పూట పోయొస్తే మా అమ్మ నాకు మళ్ళీ తలకు నూనె రాసేది కాదు. టీవీకి రెండు చెక్క తలుపులు, వాటికి తాళం, ఆ తాళంచెవి శెట్టిగారి అమ్మ నాగరత్తమ్మ మామ్మ బొడ్డున. మేడ మీద యాంటెన్నా కోసం వెదురుబొంగు మీద వెదురుబొంగు కట్టుకుంటూ పోయారు. ఎంత ఎత్తంటే, పేట కాకులు దారి మార్చుకున్నాయి. పైకెక్కి తిప్పేవాడికి కోటప్పకొండ మీద పూజారి ఏ కొబ్బరికాయ కొడుతున్నాడో, అది కుళ్ళిందో లేదో కూడా కనపడేది. ఇది ముప్పావలాలోకి రాదు.

ఆదివారం పొద్దున ఢిల్లీ నుంచి ఒక హిందీ సీరియల్ వచ్చేది. మామ్మ తలంటి పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, ఒళ్ళో దూది పళ్ళెం పెట్టుకుని టీవీకి ఎదురుగా చాపమీద కూర్చునేది. చూస్తున్నంతసేపూ వారానికి సరిపడా దీపపు వత్తులు చేసేది. కథ ఎట్టా నడుస్తుందో తెలుసుకోవటానికి టీవీ వంక చూడక్కర్లేదు, వత్తుల వంక చూస్తే చాలు. పెళ్ళిచూపులప్పుడు వత్తులు సన్నగా, నున్నగా వచ్చేవి. ఎవడన్నా గొంతు పెంచితే లావయ్యేవి. కోర్టు సీను వచ్చిన వారం దేవుడి ముందు దీపాలు కాగడాల్లా మండేవి. పెద్దవాళ్ళకు లోపల చోటు. పిల్లకాయలకు మాత్రం వీధి కిటికీ. ఏడు ఊచల సందుల్లోంచి పదిహేను తలకాయలు. నా తలకాయకు ఎప్పుడూ కొసన చోటు దొరికేది, అక్కణ్ణించి చూస్తే టీవీలో వాళ్ళ ఎడమ చెవులు మాత్రమే కనపడేవి.

లోపలా బయటా కలిపి యాభై మందిమి చూస్తుంటే అందులో ఒక్కరికీ హిందీ రాదు. బడిలో నాకు మూడు నెలల పరీక్షకు హిందీలో పదకొండు వచ్చాయి. ఇరవై వస్తే పాసు, ఆ ఇరవై కూడా నాకు కోటప్పకొండంత ఎత్తున కనపడేది. ఒక ఆదివారం టీవీలో ఒక పిల్ల తల పట్టుకుని ఏదో అంది. మామ్మ వత్తి ఆపి, "ఏమంటందిరా ఆ పిల్ల?" అని గదిని అడిగింది. గదికి తెలియదు. కిటికీలోంచి నేను అరిచాను, "తలనొప్పిగా ఉందంటంది మామ్మా!"

"నీకు హిందీ వచ్చంట్రా శీనుగా?"

"రాకుండానే చెబుతారా మామ్మా ఎవరైనా?"

అంతే. నన్ను లోపలికి పిలిచారు. టీవీకి మూరెడు దూరంలో ముక్కాలిపీట వేశారు. చేతిలో ఇంత పల్లీ ఉండ పెట్టారు. కిటికీ ఊచల వెనక పద్నాలుగు తలకాయలు నన్ను శపిస్తుంటే ఆ ఉండ కొరికాను చూడండీ, ఆ రుచి మళ్ళీ ఏ పదార్థంలోనూ తగల్లేదు. ఆ పీట పోగొట్టుకోకూడదు, ఇంక జీవితంలో ఏది పోయినా సరే అనుకున్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

ఆ రోజునుంచి ఢిల్లీ వాళ్ళందరికీ పల్నాడు కష్టాలు వచ్చిపడ్డాయి. కోటు వేసుకున్న పెద్దాయన ఫోనులో అరిస్తే, పత్తికి పురుగు పట్టిందని చెప్పాను. కారు దిగిన కుర్రాడు కోడిపందెంలో ఓడిపోయి వచ్చాడన్నాను. కాలవ నీళ్ళ తగాదా, గట్టు తగాదా, అన్నీ వాళ్ళకి అంటగట్టాను. జనం తలలూపారు. "ఎక్కడైనా ఇంతే," అని నిట్టూర్చారు. శెట్టిగారింటి గడపలో మస్తాంబీ పిన్ని ఒక్కతే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. మస్తాంబీ పిన్ని మా వీధిలో జాకెట్లు కుట్టేది, ఆమె భర్త లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆదివారం కాజాలు కుట్టుకునే పని పట్టుకుని వచ్చి గడపమీద కూర్చునేది. వాళ్ళింట్లో మాట ఉర్దూ. దానికీ టీవీలో వచ్చే మాటకీ చుట్టరికం ఉందని మా వీధిలో ఎవరికీ తట్టలేదు. అది సాయిబుల మాట, ఇది ఢిల్లీ మాట. అందుకని ఆమెను ఎవరూ అడగలేదు. ఎవరూ అడగని మాట ఆమె చెప్పేది కాదు.

ఒక వారం నా దగ్గర కథ అయిపోయింది. టీవీలో ఇద్దరు ముసలమ్మలు ఒకరిమీద ఒకరు కేకలేసుకుంటున్నారు. మామ్మ చూపు నామీద. ఏం చెప్పాలో తోచక, కొంటెతనం కొద్దీ వీధి మొత్తానికి తెలిసిన సంగతే ఎత్తుకున్నాను.

"అక్కచెల్లెళ్ళు మామ్మా. వాళ్ళమ్మ పోయాక జాడీ దగ్గర తగాదా వచ్చింది."

దూది మీద మామ్మ వేళ్ళు ఆగిపోయాయి. "ఏం జాడీ?"

"పండుమిరప పచ్చడి జాడీ. అక్కకు రావాల్సింది చెల్లెలు పట్టుకుపోయింది."

"ఢిల్లీలో కూడా పండుమిరప పచ్చడి పెడతారంట్రా?"

"పెట్టకేం మామ్మా. మన కాయేగా అక్కడికి పోయేది."

మామ్మకు నూజెండ్లలో ఒక చెల్లెలుంది, సుందరమ్మ. వాళ్ళమ్మ పోయిన పన్నెండో రోజున అమ్మ చేతి పచ్చడి జాడీని సుందరమ్మ బండెక్కించుకుని పోయింది. మణుగు పచ్చడి పట్టే జాడీ అది, ఎన్నేళ్ళైనా బూజు పట్టనిచ్చేది కాదని పేరు. ఆ రోజునుంచి అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. నేను ఊరికే గోకుదామనుకున్నాను. మామ్మ నిప్పు రాజేసుకుంది. ప్రతి ఆదివారం ఆ ఇద్దరు ముసలమ్మల కోసమే కూర్చునేది. చెల్లెల్ని ఎంత చెడ్డదాన్ని చేస్తే మామ్మకు అంత బలం. పల్లీ ఉండలు రెండయ్యాయి. నేను ఆ చెల్లెలి చేత అక్క వంటింటికి తాళం వేయించాను, అక్క పెట్టిన వడియాల మీదికి మేకను తోలించాను. మామ్మ ఎంత లావు వత్తులు చేసిందంటే ఇంట్లో దూది అయిపోయింది.

అప్పుడే నూజెండ్ల నుంచి సుందరమ్మగారి మనవరాలి ఓణీల శుభలేఖ వచ్చింది. పన్నెండేళ్ళలో వాళ్ళు పంపిన మొదటి కాగితం అది. పసుపు రాసిన ఆ శుభలేఖను మామ్మ విప్పనైనా విప్పలేదు. "టీవీలో దాన్ని చూస్తన్నాంగా. చెల్లెళ్ళంతా ఒకటే జాతి," అని నూనె డబ్బా కింద తోసేసింది. చేతిలో ఉండను జేబులోకి తోసేశాను. అబద్ధం ఆడటం వేరు, అది లేచి నిలబడి ఒకరింటి తలుపు మూయటం వేరు. ఆ తేడా అప్పుడే మొదటిసారి తెలిసింది.

తర్వాత వారంనుంచి చెల్లెల్ని మంచిదాన్ని చెయ్యబోయాను. "మనసు మారింది మామ్మా, ఏడుస్తంది," అని నేనంటుంటే, తెరమీద ఆ మహాతల్లి కంచం తీసి గోడకేసి కొడుతోంది. "ఇదెక్కడి ఏడుపురా?" అంది మామ్మ. "పశ్చాత్తాపం మామ్మా, అక్కడ అట్టాగే పడతారు," అన్నాను. ఇంతలో నూజెండ్ల నుంచి కబురు వచ్చింది, సుందరమ్మగారు మంచం పట్టారని. శెట్టిగారు చేతులు నలుపుకుంటూ తల్లి ముందు నిలబడ్డాడు.

"పిన్ని అన్నం ముట్టటం లేదంటమ్మా. ఒకసారి పోయి చూసొద్దాం."

"ఆ ఢిల్లీ వాళ్ళిద్దరూ కలవనీ. అప్పుడు చూద్దాం," అంది మామ్మ. మళ్ళీ తనే టీవీ వంక తిరిగి, మూసివున్న చెక్క తలుపులకు దణ్ణం పెట్టి, "త్రికోటేశ్వరా, ఆ అక్కచెల్లెళ్ళని కలుపు తండ్రీ, తిరనాళ్ళకు నీ కొండకు ప్రభ కట్టించుకుని వస్తాను," అని మొక్కుకుంది. శివరాత్రికి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెదురుతో మేడలంత ప్రభలు కట్టి కోటప్పకొండకు తోలుకుపోతాయి. పంటకు మొక్కుతారు, పిల్లలకు మొక్కుతారు. టీవీలో మనుషులు కలవాలని మొక్కిన మనిషి మాత్రం మా నాగరత్తమ్మ మామ్మే.

దేవుడితో పని లేదు, కలిపేది నేనే గదా అనుకుని ఆదివారం పొద్దున నా పీట ఎక్కాను. ఇవాళ ఏం జరిగినా సరే, ఇద్దర్నీ కావిలించుకునేలా చెయ్యాలి. టీవీ తలుపులు తీశారు. బొమ్మ వచ్చింది. గోడకు ఫొటో. ఫొటోలో చెల్లెలు. ఫొటోకి దండ.

ఇన్ని వారాలుగా ఏ మాటనైనా ఎటైనా తిప్పినవాణ్ణి. దండ పడ్డ ఫొటోను ఎటు తిప్పను? అది ఏ భాషలోనైనా ఒకటే. మామ్మ ఒళ్ళో పళ్ళెం నేలమీదికి జారింది. "మాట్లాడుకోకుండానే పోయిందంట్రా?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తెరమీద చాలామంది ఏదో మాట్లాడుకుంటున్నారు. గదిలో అందరూ నావంక చూస్తున్నారు. కిటికీలో తలకాయలు కూడా.

అప్పుడు గడపమీంచి మస్తాంబీ పిన్ని మొదటిసారి నోరు తెరిచింది. కాజా కుడుతున్న సూది జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది.

"మామ్మా, ఆ పోయినామె ఆఖరుగా ఏమడిగిందో చెబుతున్నారు. 'అక్క వచ్చిందా' అని అడిగిందంట. మూడుసార్లు అడిగిందంట."

"నీకెట్టా తెలుసే మస్తానూ?"

"మా ఇంట్లో మాట దగ్గర దగ్గర అదే గదా మామ్మా."

మామ్మ ఆమెను చూసింది. తర్వాత నన్ను చూసింది. "మరి ఇన్నాళ్ళూ ఈడు చెప్పిందంతా?"

అప్పటిదాకా తిన్న పల్లీ ఉండలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మస్తాంబీ పిన్ని నావంక ఒక్క చూపు చూసి, "ఈడు చెప్పిందంతా నిజమే," అంది.

మామ్మ లేచింది. "సుబ్బయ్యా, బండి తియ్యి!" అని కేకేసింది. తడిజుట్టు ముడి కూడా విప్పలేదు. నూనె డబ్బాలు వేసుకుపోయే వ్యానులో, డబ్బాల మధ్య కూర్చుని, వినుకొండ మీదుగా నూజెండ్ల పోయింది. టీవీలో ఇంకా ఏడుపులు అవుతూనే ఉన్నాయి, ఎవరూ చూడటం లేదు.

వ్యాను మలుపు తిరగ్గానే మస్తాంబీ పిన్ని నా చెవి పట్టుకుని తన మిషను దగ్గరికి ఈడ్చుకుపోయింది.

"నా జన్మలో అబద్ధం ఆడలా. నీ మూలంగా ఒక్క ఊపిరిలో రెండు ఆడాను గదరా, దొంగ సచ్చినోడా!"

"ఆమె అట్టా అడగలేదా పిన్నీ?"

"అడగలా, ఏం లా. ఇంటి తాళాలు ఎవరిదగ్గరున్నాయని వెతుక్కుంటున్నారు. అసలు వాళ్ళు అక్కచెల్లెళ్ళే గాదు. ఒకామె ఇంటి యజమాని, ఒకామె అద్దెకున్నామె."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

చెవి వదిలింది. కాసేపు మిషను చక్రం ఊరికే తిప్పింది. "వాళ్ళ కథకంటే నీదే బాగుందిరా," అంది. వెంటనే మళ్ళీ చెవి పట్టుకుంది. "అయితే గాలికి అబద్ధం చెప్పమాక. ముందు నిజం ఏందో నేర్చుకో, తర్వాత చెప్పు. అప్పుడు ఎవరికి ఎక్కడ తగులుతుందో తెలిసి చెబుతావు."

అట్టా మొదలైంది నా హిందీ చదువు. ప్రతి ఆదివారం సీరియల్ అయ్యాక ఆమె మిషను పక్కన కూర్చుని, కుట్టుపూర్తయిన జాకెట్లకు కొలతకోసం ముందు వేసిన పచ్చికుట్టు దారాలు లాగుతూ ఉండాలి. "ఆ కోటాయన ఏమన్నాడు? నువ్వేం చెప్పావు? రెండూ చెప్పు," అనేది. ఆయన అసలు మాట ఆమె చెబితే, నా అబద్ధం నేను చెప్పాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇద్దరం నవ్వేవాళ్ళం. బడిలో సార్ బెత్తంతో ఎక్కించలేని భాష నా అబద్ధాలకు అంటుకుని నాకు ఎక్కింది. సంవత్సరం పరీక్షలో హిందీలో అరవై రెండు వచ్చాయి. సార్ నన్ను నిలబెట్టి ఎవరి పేపరు చూశావని కొట్టాడు.

సుందరమ్మగారు చావలేదు. అక్క వచ్చి గుమ్మంలో నిలబడి తిట్టిన తిట్లకే సగం జ్వరం దిగిందని, మిగతా సగం తిరిగి తిట్టటానికి లేచి కూర్చున్నప్పుడు దిగిందని శెట్టిగారు చెప్పాడు. పది రోజులకు ఇద్దరూ ఆ వ్యానులోనే వచ్చారు, మధ్యలో జాడీ. ఇకనుంచి ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ అని జాడీకి కాపురం ఏర్పాటు చేశారు. ఢిల్లీ వాళ్ళు కలవలేదు గనక మొక్కు చెల్లదని మామ్మ, కలిసినవాళ్ళు ఎవరైతేనేం దేవుడికని సుందరమ్మగారు, శివరాత్రి దాకా వాదించుకుని, చివరికి ఇద్దరూ కలిసి ఒక చిన్న ప్రభ కట్టించారు. చిన్నదంటే చిన్నదే, శెట్టిగారి యాంటెన్నా కంటే ఒక మూర తక్కువ. ఆ ఆదివారాల్లో నేను పీటమీద కూర్చుని అచ్చంగా నిజమే చెప్పేవాణ్ణి. నాలుగు వారాలు విని మామ్మ పెదవి విరిచింది. "ఏందోరా శీనుగా, ఈ మధ్య ఢిల్లీ వాళ్ళు చానా చప్పబడ్డారు," అంది. గడపమీద మస్తాంబీ పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇప్పుడు లేదు. మామ్మ అంతకు చానా ముందే పోయింది. నూనె దుకాణం ఉన్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. ఆ వాసన మాత్రం పోలేదంటే నమ్మండి, ఆ కొట్లో కొన్న ఫోను చేతిలో నిలవదు, జారుతుంది.

సరే, క్యాలెండరు ముక్క అంటించిన టీవీ దగ్గరికి వస్తాను. బొమ్మల ముసలమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఏదో అడిగింది. నేను గొంతు సవరించుకుని చెప్పాను. "మిరపకాయల లారీ ఇంకా రాలేదేందిరా అంటంది."

చింటూ నమ్మేశాడు. హాసిని నావైపు తిరిగింది. "తాతయ్యా, ఆమె పెర్రో అంది. పెర్రో అంటే కుక్క."

"కుక్క గాదు, లారీ. నాకు తెలీదా?"

"కుక్కే! కుక్క ఎక్కడుందని అడుగుతోంది!"

"నువ్వు పుట్టకముందునుంచీ వింటన్నా స్పానిష్. లారీ."

పిల్లకు కోపం వచ్చింది. పోయిన పరీక్షనుంచీ స్పానిష్‌కు నోరు కుట్టేసుకున్న పిల్ల లేచి నిలబడి, ముసలమ్మ మాట మొత్తం తిరిగి చెప్పి, ముక్కముక్కకీ అర్థం చెప్పి, "నీది మెంతీరా!" అని వేలు చూపించింది. మెంతీరా అంటే అబద్ధమంట. నేను కొన్న మొదటి స్పానిష్ మాట అది. ఒక పల్లీ ఉండ ఇచ్చి కొన్నాను. అక్కణ్ణించి అదే నియమం, నా అబద్ధం పట్టుకున్నవాళ్ళకు ఉండ. ఇల్లు అంటే గేదె అన్నాను, పాలు అంటే పోలీసులన్నాను. పిల్లలు చెవులు రిక్కించి కాచుకుని కూర్చునేవాళ్ళు. ఎవరూ నేర్పటం లేదు గనక నేర్చుకుంటున్నామని వాళ్ళకు తెలియలేదు. తప్పు పోతుందేమోనన్న భయం కూడా లేదు, ఎందుకంటే ఆ గదిలో తప్పులన్నీ నా పేరనే ఉన్నాయి.

అప్పుడు ఒక్క టీవీ, యాభై మంది, ఎవరికీ అర్థం కాదు. ఇప్పుడు మనిషికొక టీవీ అరచేతిలో, ఏ భాష వచ్చినా కింద అక్షరాలు, అంతా అర్థమవుతుంది, పక్కన మాత్రం ఎవరూ ఉండరు. "ఏమంటందిరా ఆ పిల్ల?" అని అడిగే మనిషి లేకపోతే జవాబు చెప్పాలని ఎవరికి పుడుతుంది? టీచరమ్మ పక్కన కూర్చోండి అని రాసింది గానీ, కూర్చుని ఏం చెయ్యాలో రాయలేదు. నేను ఆమెకు ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను. పిల్లలకు అబద్ధాలు చెప్పండని ఒక పెద్దమనిషి రాస్తే బాగుండదని మానేశాను.

వేసవి చివర్లో ఒకరోజు హాసిని ఉండలు దొరకటం లేదని మొహం ముడుచుకుంది. "తాతయ్యా, నువ్వు ఈ మధ్య అన్నీ నిజాలే చెబుతున్నావు," అంది. ఆలోచించుకుంటే నిజమే. నాకు తెలియకుండానే ఆ ముసలమ్మ మాటలు నాకు అర్థమవుతున్నాయి. సిగ్గేసింది. మస్తాంబీ పిన్ని మాట గుర్తొచ్చింది. నిజం నేర్చుకున్నాక చెప్పే అబద్ధానికి వేరే పనితనం కావాలి. మర్నాటినుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, నిజానికి ఒక్క వెంట్రుక పక్కగా చెప్పటం మొదలుపెట్టాను. పట్టుకోవటం పిల్లకు చానా కష్టమైంది. అయినా పట్టుకుంది.

బడి తెరిచిన వారానికి శ్రావణి ఫోను చేసింది. నోటిపరీక్ష అయిపోయిందంట. హాసిని ఆగకుండా మాట్లాడిందంట, క్లాసులో ఈసారి నవ్వింది టీచరమ్మ ఒక్కతేనంట.

"ఎందుకు నవ్విందే?"

"ఇంట్లో స్పానిష్ ఎవరు నేర్పారని అడిగారంట మామయ్యా. ఇది నిలబడి, మి అబ్వేలో మియెంతే మూచో అందంట. అంటే ఏంది మామయ్యా?"

"మా తాతయ్య చానా చదువుకున్నాడు, అని," చెప్పాను.

వెనకనుంచి హాసిని గొంతు ఫోను పగిలేట్టు వినపడింది. "మెంతీరా! మా తాతయ్య చానా అబద్ధాలు చెబుతాడని అన్నా!"

పల్లీ ఉండలు పొట్లం కట్టి గుంటూరు బస్సుకు ఇచ్చి పంపాను.